గీతలు పడని సిడి

"పోయినేడు మన కంప్యూటర్లో కోడెక్ లేదు పెద్దమ్మా, అందుకే ఈ సిడి ఆడలేదు," అంది నా ఫోటో స్టూడియోలో పనిచేసే నందిని.

"నా మొగుడి బొమ్మ సూసేదానికి కోడె ఎందుకే?" అని అరిచింది మునిరత్నమ్మ.

మామూలుగా అయితే "కోడె లేకుంటేనేం, కోడలుండాది గదా" అని పాకాల బజారంతా వినపడేలా నవ్వేవాణ్ణి. కానీ ఆ కోడలు కోమలి గడప బయటే తల వంచుకుని నిలబడి ఉంది.

"కోడె కాదు పెద్దమ్మా, కోడెక్. కుదించిన వీడియోని విప్పే కిటుకు. దాన్ని తయారుచేసిన కంపెనీవోళ్లు బయటికియ్యకుండా దాసుకున్నారు. మన కంప్యూటర్ని నడిపే లినక్స్ అందురూ ఊరికే వాడుకునేది, అందుకని దానికియ్యలా. ఇప్పుడు ఎవురో పుణ్యాత్ములు అట్లాంటి కిటుకే సొంతంగా రాసి అందురికీ పంచినారు."

తెరమీద మునిరత్నమ్మ భర్త, చనిపోయిన చెంగయ్య, నవ్వుతూ కొడుకు పెళ్లిలో అక్షింతలు వేస్తున్నాడు.

మునిరత్నమ్మ నావైపు తిరిగింది. "పోయినేడు సిడి మీద గీతలు పడినాయంటివే అప్పా? కోమలే పాడు జేసిందని ఏడాదిగా దాంతో మాట్లాడలేదే నేను!"

"గీతల్లేవక్కా. తెరిసేది నాకు సేతగాలేదని చెప్పేదానికి నామోషీ అయి, అబద్ధం చెప్పినాను. ఆ పిల్ల తప్పేం లేదు."

ఆమె కోమలిని లోపలికి పిలిచింది. కాస్త జరిగి, బెంచీ మీద కోడలికి చోటిచ్చింది.