నాలుక మీద చిటికెడు

కాపురానికొచ్చి ఇరవై రోజులే. రాత్రి భోజనమయ్యాక లవంగం గుచ్చిన తాంబూలం భర్త నోటికి అందించడం మంగతాయారుకి మహా సరదా. ఆ రోజు అది నములుతూనే కెమిస్టు కోదండరామయ్య పక్కగదిలోని లేబరేటరీలోకి వెళ్లాడు. కొల్లేటికోటలో ముగ్గురి ప్రాణం తీసిందంటున్న మూలికా చూర్ణం సంగతి తెల్లారేలోగా తేల్చాలి. అందులో వసనాభి విషం కలిస్తే నాలుక చిమచిమలాడి మొద్దుబారుతుంది. అందుకే చిటికెడు నాలుక మీద వేసుకోవడం అతని మొదటి పరీక్ష.

కాసేపటికి ఆమె పొగలు కక్కే కాఫీగ్లాసు చెంగుతో పట్టుకుని వెళ్లింది.

"తేలిందాండీ?"

"మొదట కాస్త చిమచిమలాడింది. అది నీ లవంగం ఘాటే, తాయారూ! మళ్లీ రెండుసార్లు వేసుకున్నా. ఏమీ లేదు."

కాఫీ గటగటా తాగేశాడు.

"చల్లారబెట్టి తెచ్చావేం? అలకా?"

ఆమె నవ్వబోయి ఆగింది. ఖాళీగ్లాసు తాకితే వేలు చురుక్కుమంది. అతని కింది పెదవి బొబ్బలెక్కుతోంది.

"ఏవండీ, డాక్టరుగారికి కబురు పెడదామండీ!" అంటూ అతని ఎడమచేతిని రెండు చేతులతోనూ గట్టిగా పట్టుకుంది.

అతను తలెత్తలేదు. కుడిచేత్తో నోటుబుక్కులో 'విషం లేదు' అని రాస్తున్నాడు.

"భయమైతే అంత దూరాన నిలబడతావేం?" అన్నాడు. "వచ్చి నా చెయ్యి పట్టుకోరాదూ!"