పెట్టె డాక్టరు

వరద బజారులోకి వచ్చి, క్లినిక్కుల్లో కాగితాలన్నీ ముద్దయిపోయిన ఏడాది అది. డాక్టరు భార్య తల దువ్వుకుని, మంచి బట్టలు కట్టుకుని వీధిలోకి బయల్దేరింది.

"మళ్ళీ ఎక్కడికి?" అన్నాడు డాక్టరు.

"ఎదుటి క్లినిక్కుకి. ఇవాళ కూడా రమ్మన్నాడు మీ స్నేహితుడు."

"నీకేం జబ్బని?"

"తలనొప్పని చెప్పమంది మీరే కదండీ!"

నిజమే. పంపింది తనే. కాగితాలు నీళ్ళపాలయ్యాయి కాబట్టి, ఇకమీదట రోగుల వివరాలు కంప్యూటర్లో ఎక్కించే డాక్టర్లకు డబ్బిస్తామంది గవర్నమెంటు. ఎదుటి క్లినిక్కువాడు అందరికంటే ముందు చేరిపోయాడు. ఊళ్ళో వాడికి పెట్టె డాక్టరని పేరు కూడా వచ్చేసింది. తనతో ఒకే బెంచీ మీద కూర్చుని చదివినవాడు, పరీక్షల్లో తన పేపరు చూసి రాసినవాడు! డాక్టరుకు కడుపు మండింది. తను వెళ్ళి చూడాలంటే నామోషీ. అందుకని లేని తలనొప్పి ఒకటి అంటగట్టి, ఆ పెట్టె సంగతేమిటో చూసి రమ్మని భార్యను పంపాడు.

ఆ లేని తలనొప్పి ఎన్నిసార్లు తిరిగినా తగ్గడం లేదు. ఆవిడ మొహం మాత్రం రోజురోజుకీ వెలుగుతోంది.

"చూసింది చాల్లే. ఇక వెళ్ళక్కర్లేదు" అన్నాడు డాక్టరు.

"బాగుందండీ! అంత ఓపిగ్గా అడుగుతుంటే మధ్యలో మానేస్తానా?"

"ఏమడుగుతాడేం?"

"రాత్రి నిద్ర పడుతోందా అని. మెట్లెక్కితే ఆయాసం వస్తోందా అని. భోజనం ఒక్కరే చేస్తారా, ఎవరితోనైనా కలిసి చేస్తారా అని. ఈమధ్య ఊరికే ఏడుపొస్తోందా అని కూడా అడిగాడు."

"వస్తోందా?"

"అడిగినవాళ్ళకి చెప్పాలెండి" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

డాక్టరు రోగులను చూస్తూ కూర్చున్నాడు. చూపు మాత్రం కిటికీలోంచి వీధి దాటి పోయింది. అవతల అద్దాల వెనక భార్య చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. నవ్వుతోంది. కళ్ళు తుడుచుకుంటోంది. మళ్ళీ చెబుతోంది. ఉప్పు అయిపోయిందనడం తప్ప, తనతో ఆవిడ ఇంత పొడుగు మాట చెప్పి ఎన్నాళ్ళయిందో!

"డాక్టరుగారూ" అన్నాడు ఎదురుగా ఉన్న రోగి, థర్మామీటరు నోట్లోంచి తీసి. "నాది మోకాలండీ."

ఆవిడ బయటికొచ్చి ఇంటిదారి పట్టిందో లేదో, డాక్టరు వీధి దాటి పెట్టె డాక్టరు గదిలో ఊడిపడ్డాడు.

"ఏరా, ఆడవాళ్ళని పట్టుకుని ఏడుపొస్తోందా అని అడగమని ఏ కాలేజీలో చెప్పార్రా నీకు? నేనూ అక్కడే చదివాను, నాకు చెప్పలేదే!"

పెట్టె డాక్టరు తలెత్తలేదు. ఒంటి వేలితో మీటలు వెతుక్కుంటున్నాడు.

"కూర్చోరా. 'ళ' ఎక్కడుందో కనపడి చావడం లేదు."

"మా ఆవిడని ఏమేం అడిగావో చెప్పు ముందు!"

"నేనెక్కడ అడిగాన్రా? ఇదిగో, ఇది అడుగుతుంది. ఒక గడి నింపితేగాని ఇంకో గడి తెరుచుకోదు. అన్నీ నింపితేగాని గవర్నమెంటు డబ్బు రాదు. నేను పైకి చదువుతాను, వాళ్ళు చెబుతారు, టకటకా కొడతాను. చెల్లెమ్మ ఏం చెప్పిందో గుర్తుండి ఏడిస్తేగా! ఈ మీటల గోలలో ఎవరి మొహమూ చూడ్డం లేదు. మొన్న మా మామగారొచ్చి కూర్చుంటే, పేరేమిటండీ అన్నాను. అలిగి వెళ్ళిపోయాడు."

డాక్టరుకు ప్రాణం లేచొచ్చింది. తన క్లినిక్కు వెనకే ఇల్లు. పరుగులాంటి నడకతో వెళ్ళాడు. భార్య ఆరిన బట్టలు మడతపెడుతోంది.

"వాడు అడగలేదే, పిచ్చిదానా! పెట్టె అడిగింది! గవర్నమెంటు డబ్బు కోసం గడులు నింపుకుంటున్నాడు. నీ మొహం కూడా చూడలేదట!"

"తెలుసు" అంది ఆవిడ.

"తెలుసా?"

"ఎదురుగా కూర్చున్నదాన్ని, నాకు కళ్ళు లేవా? మొదటిరోజే తెలిసింది."

"మరి ఎందుకెళ్ళావు?"

"అడుగుతోంది కదా అని." ఆవిడ ఒక చొక్కా దులిపి మడతపెట్టింది. "ఇంట్లో మనసు విప్పి మాట్లాడుకోవడానికి ఎవరున్నారు అని అడిగింది. మా ఇంట్లో డాక్టరున్నాడు అన్నాను. ఆ జవాబు గడిలో పట్టలేదట. మళ్ళీ అడిగింది."

"మళ్ళీ ఏం చెప్పావు?"

ఆవిడ బట్టలెత్తుకుని లోపలికెళ్ళిపోయింది.

డాక్టరు క్లినిక్కుకి తిరిగి నడిచాడు. మనిషి మీద కుళ్ళుకుంటే కనీసం తిట్టిపోయొచ్చు. పెట్టె మీద కుళ్ళుకున్నవాడు ఎవరితో చెప్పుకుంటాడు?

మర్నాడు పొద్దున అతను క్లినిక్కు తలుపు తీయలేదు. వంటింట్లోకి వెళ్ళి, ఆవిడకు ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు. రోజూ ఊళ్ళోవాళ్ళందరినీ అడిగే మాటే, ఇక్కడ మాత్రం నోరు పెగలడానికి చాలాసేపు పట్టింది.

"రాత్రి నిద్ర పట్టిందా?"

ఆవిడ చేతిలో పని ఆపి, అతని మొహంలోకి అనుమానంగా చూసింది.

"ఏవండీ, గవర్నమెంటు మీకూ డబ్బిస్తానందా?"