పదమూడు వేపచెట్లు

ఎనభై ఒకటి ఎండాకాలం. నందిగామ కోర్టు బోనులో బసవయ్య నిలబడి ఉన్నాడు. ఊరి పక్క సర్కారు గుట్ట మీద పన్నెండు వేపచెట్లు నరికాడని కేసు. రుజువైతే ఆర్నెల్లు జైలు.

కంచికచర్లలో ఉండే బావమరిది భయపడిపోయి వకీలు ఉమాకాంతాన్ని పెట్టాడు. ఉమాకాంతానికి ఇది గెలిచిన కేసే.

"సాక్షుల్లేరండి. కలప దొరకలేదు. ఎస్సై గారు గుట్ట ఎక్కి చూసిందే లేదు. నా క్లయింటును కొట్టి ఒప్పించారు."

"కొట్టలేదండి, టీ ఇప్పించారు" అన్నాడు బసవయ్య. "నేనే నరికానండి."

ఉమాకాంతం పళ్ళు నూరాడు. "నువ్వు కాసేపు నోర్మూసుకోవయ్యా."

మేజిస్ట్రేటు కళ్ళజోడు సర్దుకున్నాడు. "మొదళ్ళేవి?"

"వేళ్ళతో సహా పీకేశానండి."

"కలప?"

"పొయ్యిలో పెట్టామండి. మా ఆవిడ గారెలు వండింది."

"పన్నెండు చెట్లతోనా?"

"ఇంట్లో తినేవాళ్ళు ఎక్కువండి."

వెనక బెంచీ మీద బసవయ్య భార్య సుబ్బమ్మ అవునన్నట్టు తలూపింది.

మేజిస్ట్రేటుకు ఒళ్ళు మండింది. "చెట్టుకు నోరు లేదు, ఓటు లేదు. దాని తరఫున మాట్లాడటానికే చట్టం ఉంది. నిన్ను జైల్లో పెడితే గుట్టకేం ఒరుగుతుంది? మొన్న చెట్లు కొట్టిన వేదాద్రి ఊరి వాడికి వేసిన శిక్షే నీకూ. చెట్టుకు పది చొప్పున నూట ఇరవై మొక్కలు నాటు. మొక్కలు అటవీశాఖ ఇస్తుంది. పంచాయతీ సమితి వాళ్ళు బోరు వేస్తారు. మూడేళ్ళలో ఒక్కటి ఎండినా లోపలేస్తా."

బసవయ్య దణ్ణం పెట్టాడు. కాస్త ఆలోచించి, "పదమూడండి. ఒకటి మర్చిపోయా" అన్నాడు.

గుమాస్తా నూట ఇరవై కొట్టేసి నూట ముప్ఫై అని రాశాడు.

వరండాలో ఉమాకాంతం తల పట్టుకున్నాడు. "ఇరవయ్యేళ్ళ ప్రాక్టీసులో నీలాంటి తిక్క మనిషిని చూళ్ళేదు."

"అంతా తమరి దయండి" అన్నాడు బసవయ్య.

జగ్గయ్యపేట బస్సు కదిలాక సుబ్బమ్మ మొగుడి చెవి దగ్గరికి వంగింది. "ఏమయ్యా, మొక్కలియ్యమని ఆరేళ్ళు అర్జీలు పెడితే ఒక్కటీ ఇయ్యలా, ఆ బోడిగుట్ట మీద ఎన్నడూ లేని చెట్లు నరికానంటే నూట ముప్ఫై ఇచ్చారే."