కారిడార్‌లో గోంగూర

"ఈ మొక్కలెవరివి?"

తలుపు తీసిన సాంబమూర్తి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఎదురుగా ఇద్దరు పోలీసులు. దేశం కాని దేశంలో, హౌగాంగ్ అనే పేటలో ఏడో అంతస్తు ఫ్లాటు, గుమ్మం ముందు కారిడార్‌లో గోంగూర కుండీలు, ఆదివారం పొద్దున్న.

"మావే సార్" అంది వెనకనుంచి భార్య కోటేశ్వరి.

"గంజాయిలా ఉందని ఎవరో కంప్లయింటు ఇచ్చారు" అన్నాడు పెద్ద పోలీసు. తమిళం, ఇంగ్లీషు కలిపి మాట్లాడుతున్నాడు.

ఈ దేశంలో గంజాయంటే ప్రోగ్రాములు రాసే ఉద్యోగం పోవడంతో ఆగదు. జైలు. కాలం కలిసిరాకపోతే మెడకు తాడు. ఏదో ఒకటి అనాలి కదా అని సాంబమూర్తి, ఆఫీసులో భోజనాల దగ్గర ఆకాష్ చెప్పగా విన్నది కక్కేశాడు.

"సార్, అమెరికాలో ఏదో ఊళ్లో జనం ఓట్లేసి, పోలీసులు అన్ని పనులూ అయ్యాకే గంజాయి జోలికి పోవాలని తీర్మానించారట!"

కోటేశ్వరి మోచేత్తో పొడిచింది.

"మంచి ఊరు" అన్నాడు పోలీసు నవ్వకుండా. "ఇక్కడ మాకు అదే మొదటి పని. ఇంతకీ ఆ సంగతి నీకెందుకు?"

"నాకు తెలీదు సార్. ఆకాష్ చెప్పాడు."

"ఆకాష్ ఎవరు?" రెండోవాడు చిన్న పుస్తకం బయటికి తీశాడు.

"అయ్యో, ఈయనకి కంగారెక్కువ సార్. బొద్దింక కనపడ్డా ఇలాగే ఉపన్యాసం ఇస్తారు" అంటూ కోటేశ్వరి ఒక ఆకు తుంచి పెద్దాయన చేతిలో పెట్టింది. "గోంగూర సార్ ఇది, నమిలి చూడండి."

ఆయన వాసన చూశాడు. కొరికాడు. ముఖం చింతపండులా ముడుచుకుని, మెల్లగా విప్పారింది.

"అడడే! మా పుళిచ్చకీరై! మా పాట్టి, అదే మా అవ్వ, పప్పులో వేసేది!"

అయినా వదల్లేదు. వంగి ఒక్కో మొక్కా చూసి, ఒక్కో ఆకూ నలిపి, అన్నీ అయ్యాకే నడుం ఎత్తాడు. కోటేశ్వరి పచ్చడి సీసా ఇవ్వబోతే చేతులు జోడించాడు.

"వద్దక్కా. అది తీసుకుంటే ఈసారి కంప్లయింటు నా మీద వస్తుంది."

లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. సాంబమూర్తి గోడకు చేరగిలబడి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. గుండెల మీద బండ దిగినట్టుంది.

"తప్పు చేయనివాళ్లకి భయమెందుకే! గోంగూరకి ఉరేస్తారా ఎక్కడైనా?"

తిరిగి చూస్తే కోటేశ్వరి గడప మీద చతికిలబడి ఉంది. చెంగుతో ముఖం తుడుచుకుంటోంది.

"ఏమైందే? గండం గడిచిందిగా!"

"మీ అమ్మగారు నర్సీపట్నం సంతలో కొని పంపిన విత్తనాలండీ ఇవి. మొన్న శుక్రవారం వీటిలో ఒక మొక్క పీకి చెత్తగొట్టంలో పడేశాను."

"పురుగు పట్టిందా?"

"లేదు. పాడేరులో పుట్టి పెరిగినదాన్ని, నాకు తెలీదా?"

కోటేశ్వరి గొంతు తగ్గించింది.

"అది గోంగూర కాదండీ."