బొచ్చమ్మ దురద

పిల్లుల డాక్టరు గుమ్మంలో తనలాంటివాడు పడిగాపులు కాయాల్సి రావడం భర్తగారికి తల కొట్టేసినట్టుగా ఉంది. కింద ప్లాస్టిక్ కుర్చీ. ముక్కు నిండా ఫినాయిల్ కంపు. ఎవరిదో కుక్క ఆయన బూటును తీరిగ్గా వాసన చూస్తోంది. ఎదురుచూడటం ఆయనకు బొత్తిగా అలవాటు లేదు.

పక్కనే భార్య, ఆమె ఒళ్ళో బుట్ట, బుట్టలో పిల్లి. దాని పేరు బొచ్చమ్మ. ఇప్పుడు ఆ పేరొక్కటే మిగిలింది. ఆరు నెలలుగా గోక్కుని గోక్కుని వీపు మీద బొచ్చంతా అక్కడక్కడా ఊడిపోయింది.

"ఇదే ఆఖరు. ఇవాళ కూడా తేలకపోతే ఆదివారం ఊరవతల వదిలేసి వస్తా. ఇంట్లో ఇద్దరి గోకుడు చూడటం నా వల్ల కాదు" అన్నాడాయన.

భార్య జాకెట్టు పొడుగు చేతులను మణికట్ల దాకా లాక్కుంది. ఆమెకూ దురదే. అది పనీపాటా లేనివాళ్ళకు వచ్చే మానసిక రోగమని ఆయన ఏనాడో తేల్చిపారేశాడు, చేతిలోని పేపరు మడవకుండానే.

పిలుపొచ్చింది. లోపల డాక్టరమ్మను చూడగానే ఆయనకు నవ్వాగలేదు. నిన్నగాక మొన్న కాలేజీ వదిలిన పిల్ల! పైగా గొడ్ల చదువు!

"ఇది అలర్జీ అమ్మాయ్. తిండి నాలుగుసార్లు మార్చాం. నువ్వు కొత్తగా కనిపెట్టేదేం లేదు. ఓ సూది వేసి పంపించు."

డాక్టరమ్మ గదిలో లైటు తీసేసి, చేతిలోని ఊదారంగు లైటు పిల్లి మీద వేసింది. వీపు మీది వెంట్రుకలు ఆకుపచ్చగా మెరిశాయి.

"అలర్జీ అయితే ఇలా మెరవదండీ. ఇది తామర. ఇన్నాళ్ళూ ఏం మందు పూశారు?"

భార్య సంచిలోంచి సగం నొక్కేసిన ట్యూబు తీసింది. "నాకిచ్చిందేనండీ. దానికీ అదే పూయమన్నారు."

డాక్టరమ్మ లైటు వేసి ట్యూబు మీది అక్షరాలు చదివింది. "స్టెరాయిడా! తామరకు ఇది రాస్తే అగ్నికి ఆజ్యం పోసినట్టే. ఏదీ, మీ చేయి చూడనివ్వండి."

మణికట్టు చుట్టూ గుండ్రటి ఎర్రమచ్చలు.

"మీదీ అదే. ఎవరండీ ఇది ఇచ్చిన బుద్ధిలేనివాడు? ఒక్కసారి చేయి పట్టుకుని చూసినా తెలిసేదిగా!"

"మందుల షాపువాడెవడో అయ్యుంటాడు" అన్నాడు భర్తగారు గోడ వంక చూస్తూ.

భార్య ఆయన వంక చూసింది.

"దీనికి భయం లేదండీ. రెండు నెలల్లో బొచ్చు మళ్ళీ వస్తుంది, ఎక్కడా వదిలేయక్కర్లేదు" అంటూ డాక్టరమ్మ చీటీ రాసింది. "ముందు మీ సంగతి చూసుకోండి. బస్టాండు ఎదురుగా మేడ మీద చర్మం డాక్టరుగారున్నారు. చాలా పెద్దాయన. తెల్లారేసరికల్లా వెళ్తేగానీ టోకెను దొరకదు. ఆయనకు చూపించుకోండి."

భార్య బొచ్చమ్మను బుట్టలో పడుకోబెట్టి మూత వేసింది. ట్యూబును చెత్తబుట్టలో పడేసింది. ఆరు నెలల తర్వాత మొదటిసారి మనసారా నవ్వింది.

"ఆ బుద్ధిలేనివాడూ, ఈ పెద్దాయనా ఒక్కరేనండీ, ఇదిగో, మా ఆయన."