రవ్వంత స్ఫటికం

మూడుసార్లూ నమూనాను చెడగొట్టింది ఫెతుయే. పరిశోధకుడు క్లైవ్‌కు అందులో సందేహం లేదు. ప్రయోగశాల ఊడ్చేది ఆమె, దుమ్ము లేపేది ఆమె.

గడ్డకట్టాల్సిన చలిలోనూ ద్రవంగానే నిలిచే పదార్థం అది. చల్లబరిచేకొద్దీ అణువులు ఒకదాన్నొకటి అదుముకుంటాయి. చోటు మారడం గగనమవుతుంది. ఉన్నచోట ఒక్కసారి తిరగడానికే గంటలు పడుతుంది. ఆ గంటలను కొలవడమే వెల్లింగ్టన్‌లో వాళ్ల పని. కానీ గాజుగొట్టంలో నింపేటప్పుడు అదే పదార్థపు స్ఫటికం రవ్వంత పడితే చాలు, ద్రవమంతా తెల్లగా గడ్డకడుతుంది. ఇక కొలవడానికేమీ ఉండదు.

ఫెతును పనిలోంచి తీసేయమని క్లైవ్ ప్రయోగశాల పెద్ద నైరీ ముందు పట్టుబట్టాడు. ఇంట్లో ముగ్గురు పిల్లలకు ఫెతు జీతమే ఆధారం.

"నేను తుడిచేదాన్ని. మీ చదువులు నాకు తెలియవు," అంది ఫెతు. "మా ఇద్దరి బట్టలూ దులిపి చూడండి మేడమ్. ముందు నావే."

నైరీ రెండు గిన్నెల్లో ఆ ద్రవం పోసింది. మొదటి గిన్నె మీద ఫెతు ఏప్రన్ దులిపారు. పావుగంటైనా ద్రవం తేటగానే ఉంది. క్లైవ్ ఎగతాళిగా నవ్వి, కోటు విప్పి, లోపలి నీలం స్వెటర్ చేతిని రెండో గిన్నె మీద దులిపాడు. చూస్తుండగానే తెల్లని సూదులు గిన్నె అంచుదాకా పాకాయి.

స్ఫటికాలు నూరేది అతనే. ఆ పొడి ఉన్నిలో చేరిందని నైరీ తేల్చేసింది.

"దానిదేముంది క్లైవ్. వేడినీళ్లలో ఒక్కసారి ఉతికేయండి. సోమవారం మళ్లీ మొదలుపెడదాం."

క్లైవ్ స్వెటర్ గుండీలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు. తాళంచెవులు బల్ల మీద పెట్టి, ఇక పనిలోకి రానన్నాడు. ఫెతుకు క్షమాపణ చెప్పలేదు.

ఫెతు నడవాలో అతని వెంటపడింది. "ఒక్క ఉతుకు కోసం ఉద్యోగం వదులుకుంటారా? ఇటివ్వండి, నేనే ఉతికి తెస్తా."

అతను చటుక్కున వెనక్కి జరిగాడు. ఫెతు చూపు గుండీల మీద ఆగింది. ఆమె గొంతు తగ్గింది.

"గుండీలు ఎడమపక్కన ఉన్నాయి. ఇది ఆడవాళ్ల స్వెటర్ కదా. మీ ఆవిడ పోయి మూడేళ్లయింది క్లైవ్. ఇంకా ఆమె వాసన ఉందా దీనికి?"

క్లైవ్ వీధి తలుపు తెరిచాడు.

"ఈ మాట ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకు."