ఆఖరి రోజు ఆరింటికి

కాలేజీ పంపిన కంపెనీలో ఏడాది ట్రైనింగు ఆ రాత్రితో అయిపోయింది. ఏడాదంతా ఇంటికి వెళ్ళలేదు; ఆరు కాగానే ప్రాణం అటే లాగేది. ఆఖరి రిపోర్టు అప్పగించేసరికి తొమ్మిదైంది. గేటు దగ్గర కార్డు పెడితే, ఆరింటికే బయటికి వెళ్ళిపోయానని మెషీన్ చూపించింది. గేటు తెరుచుకోలేదు.

"ఇందాకే వెళ్ళావు కదమ్మా, వెనక్కి తిరిగి చూడకుండా," అన్నాడు సెక్యూరిటీ తాత.

అమ్మకి ఫోన్ చేశాను.

"మెల్లిగా మాట్లాడమ్మా. మా పిల్ల ఏడాదికి ఇల్లు చేరింది. కడుపునిండా తిని, ఇప్పుడే నా పక్కన పడుకుంది. ఇంతకీ ఎవరు నువ్వు?"

అవతల సన్నటి గురక. అది నాదే.

ఫోన్ చెవికి ఇంకా గట్టిగా ఆనించాను.

"దానికి నిద్రలో అరికాళ్ళు చల్లబడతాయి," అన్నాను. "దుప్పటి కప్పండి."